హోలీ పున్నమికి మోర్చాలో

ఈ కాసిని పేజీలు చదివినంతసేపు నీ వయసు ఇరవై నాలుగు. ఖమ్మం జిల్లా కారేపల్లి పక్కన ఒక తండా నీ ఊరు. ఇవాళ 2025 మార్చి 14. రాత్రి రెండు దాటింది. నువ్వు నిలబడ్డది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ పోయే రోడ్డు పక్కన, ఇసుక బస్తాలు పేర్చి పైన రేకు కప్పిన మోర్చాలో. సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్‌వి. నాలుగింటి దాకా సంత్రీ డ్యూటీ నీది.

నిండు పున్నమి. క్యాంపు చుట్టూ చెట్లు కొట్టేసి నేల చదును చేశారు. ఆ నేల మీద గడ్డిపోచ నీడ కూడా కనిపిస్తోంది. ముళ్లకంచెకు కట్టిన ఖాళీ సీసాలు గాలికి ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ చప్పుడుకి గుండె ఝల్లుమనేది. ఇప్పుడు గాలికి మోగిందో, మేక తగిలితే మోగిందో చెవికే తెలుసు. వెన్నెల రాత్రులంటే చిన్నప్పటి నుంచీ నీకు ఇష్టం. ఇక్కడ మాత్రం అమావాస్యే నయమంటారు పాతవాళ్లు. అడవి నీకు కనిపిస్తోందంటే అడవికి నువ్వూ కనిపిస్తున్నట్టే.

చదును చేసిన నేల దాటితే ఇప్పచెట్లు మొదలవుతాయి. పువ్వు రాలే కాలం ఇది. ఆ వాసన ఏమిటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారేపల్లి నుంచి ఇల్లందు దాకా మీ అడవుల్లోనూ మార్చి నెలంతా ఇదే వాసన. తునికి, మద్ది, టేకు, వెదురు అన్నీ అక్కడివే ఇక్కడా. దోర్నపాల్, కుంట, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం, ఇల్లందు, కారేపల్లి. మోర్చాలో నిద్ర రాకుండా ఉండటానికి ఆ ఊళ్ల పేర్లు వరసగా అనుకుంటావు. కశ్మీరులో ఉన్నవాడికి ఇంటికి పోవడమంటే రోజుల తరబడి రైలు. నీకు బస్సులు కలిసొస్తే ఒక పగటి దారి. అంత దగ్గరగా ఉండి కూడా పోయిన దీపావళి తర్వాత ఆ దారి పట్టే వీలు నీకు దొరకలేదు.

ఈ రాత్రి తండాలో ఎవరూ కుదురుగా పడుకోరు. లంబాడీ ఇళ్లలో హోలీ అంటే రంగులు చల్లుకుని స్నానం చేసేస్తే అయిపోయే పండగ కాదు. మగవాళ్లు లేంగి పాటలు ఎత్తుకుంటారు. ఆడవాళ్లు వలయం కట్టి అడుగులేస్తారు. పోయిన హోలీ తర్వాత పుట్టిన మగపిల్లలకు ధూండ్ అనే వేడుక చేస్తారు, తండా మొత్తం ఆ ఇంటి ముందుకు చేరుతుంది. డిసెంబరులో మీ అన్నకు కొడుకు పుట్టాడు. తెల్లవారితే ధూండ్ వాడికే. వాడికి నువ్వు కాకావి. ఫోన్‌లో తప్ప వాడి మొహం చూడలేదు.

చుట్టీ అడిగావు. అడగకుండా ఎలా ఉంటావు? కంపెనీలో ఒకేసారి ఇంతమందికి మించి సెలవులో ఉండకూడదని లెక్క ఉంటుంది. హోలీ వచ్చేసరికి ఆ లెక్క బీహార్, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లతోనే నిండిపోతుంది. "నువ్వు సౌత్ వాడివి, నీకు సంక్రాంతి ఉందిగా" అన్నాడు హవల్దార్ సాబ్. ఆయనది బీహార్. తిట్టినట్టు అనలేదు, నిజంగానే తెలియక అన్నాడు. మీ తాతల తాతలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ ఉత్తరాది నుంచి దక్కనుకు దిగిన సంగతి, తండాలో సంక్రాంతి కంటే హోలీ పెద్దదన్న సంగతి నీకొచ్చిన హిందీలో చెప్పావు. ఆయన చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేదాకా విన్నాడు. "అట్లయితే నువ్వు మావాడివేరా" అన్నాడు. సెలవు చీటీలు మాత్రం అప్పటికే అయిపోయాయి. ఈసారి ఆయనకూ దొరకలేదు.

నాలుగింటికి నీ బదులు వచ్చినవాడు మోర్చాలోకి వంగి దూరాడు. శ్రీకాకుళం వాడు. క్యాంపులో తెలుగు మాట్లాడటానికి నీకున్నది అతనొక్కడే. "పడుకో తమ్ముడూ, అయిదింటికి ఆర్‌ఓపీ ఉంది" అన్నాడు. "నిద్రెక్కడిది అన్నా" అన్నావు. ఇద్దరూ నవ్వుకున్నారు. బారక్‌లో దోమతెరలు వరసగా వేలాడుతున్నాయి. సుక్మా అడవిలో తూటా కంటే దోమకు ఎక్కువ భయపడాలని మొదటి రోజే చెప్పారు. దోమతెర కట్టకుండా పడుకుంటే ఇక్కడ శిక్ష కూడా పడుతుంది. మలేరియాతో జవాన్లు చనిపోయిన ప్రాంతం మరి. నీ మంచం కింద ట్రంకు పెట్టె, అందులో చొక్కాల మధ్య గుడ్డ చుట్టిన గాజు సీసా. పండు మిరపకాయ తొక్కు. దీపావళికి ఇంటికి పోయినప్పుడు యాడి, అంటే అమ్మ, కట్టిచ్చింది. అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. మెస్‌లో రోజూ వచ్చే పప్పూ రొట్టెల పక్కన దాన్ని గోరంత పెట్టుకుని నంజుకుంటావు. శ్రీకాకుళం అన్నకు తప్ప ఎవరికీ పెట్టవు. పంజాబీ కుర్రాడొకడు సరదాగా చెంచాడు తిని చెమటలు కక్కినప్పటి నుంచి ఎవరూ అడగడమూ లేదు.

ఈ ఉద్యోగం నువ్వు పరిగెత్తి తెచ్చుకున్నది. ఆ మాట ఉన్నదున్నట్టుగానే నిజం. 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరిగెత్తాలి. కారేపల్లి స్టేషను దాటి పొలాల గట్లకు పోయే మట్టిదారిలో తెల్లవారుజామున నువ్వూ ఇంకో నలుగురూ పరిగెత్తేవారు. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డు పోయే లైను అది. ఆ లైను మీద పొద్దున బండి కూత వేసేసరికి మలుపు దగ్గరికి చేరాలని పందెం. ఎత్తు కొలిచిన చోట ఎస్టీలకు ఇచ్చే సడలింపు నీకు అవసరం పడలేదు. పరీక్ష దగ్గరే కష్టమైంది. నువ్వు రాసినప్పుడు ప్రశ్నపత్రం హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండేది. తెలుగు మీడియంలో చదివిన నువ్వు లెక్కలు చేయగలిగీ ప్రశ్న అర్థం కాక వదిలేసినవి ఉన్నాయి. 2024 నుంచి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో ఈ పరీక్ష పెడుతున్నారు. మీ తండాలో ఇప్పుడు పరిగెత్తుతున్న కుర్రాళ్లకు ఆ ఒక్క అడ్డం తొలగింది. ఎప్పుడో జరగవలసిన పని. మూల వేతనం 21,700 దగ్గర మొదలైంది. కష్టభత్యాలు కలిసి చేతికొచ్చేదాంట్లో మెస్ బిల్లు పోను మిగిలింది ఇంటికే పోతుంది. ఇంటి మీద స్లాబు, చెల్లెలి ఫీజు, అన్న పెళ్లికి తెచ్చిన అప్పు మీద వడ్డీ అన్నీ ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి.

అయిదింటికి ఆయుధాలు ఉంచే కోత్ దగ్గర వరుస కట్టారు. ఆయుధం తీసుకున్నావు, మ్యాగజైన్లు లెక్కపెట్టుకున్నావు, నీళ్ల సీసాలు రెండు నింపుకున్నావు. రోడ్డు మీద బండ్లు కదలాలంటే ముందు మీరు నడవాలి. ఆర్‌ఓపీ అంటే అదే. రోడ్డు మీద నడవకూడదు, రోడ్డుకు రెండు పక్కలా పొదల్లో, మనిషికీ మనిషికీ దూరం ఉంచుకుని నడవాలి. ముందు కుక్క, వెనక మెటల్ డిటెక్టర్. కల్వర్టు కింద చూడాలి. కొత్తగా తవ్వినట్టున్న మట్టి, ఎండిపోయిన ఆకుల మధ్య పచ్చి ఆకు, చెట్టు మొదలుకు చుట్టిన తీగ, ఏదీ వదలకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. అలసిపోయినా కనిపించిన మొదటి నీడలో కూర్చోకూడదు. నీకంటే ముందు ఆ నీడ ఎవరి కంటో పడి ఉంటుంది.

ఈ రోడ్డుకు చరిత్ర ఉంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది చనిపోయింది ఈ చుట్టుపక్కలే. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనికి కాపలా కాస్తున్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయింది సరిగ్గా ఈ రోడ్డు మీద. 56 కిలోమీటర్ల రోడ్డు వేయడానికి ఏళ్లు పట్టింది. నువ్వు అడుగు వేసే ప్రతి గజం ఎవరో ఒకరు ప్రాణాలొడ్డి వేసిందే.

తెల్లవారుతోంది. ఇప్పచెట్ల కింద మనుషులు కనిపించారు. కోయ కుటుంబాలు చెట్టు కింద ఆకులు కాల్చి శుభ్రం చేసి, రాత్రి రాలిన పువ్వును ఎండ పడకముందే ఏరుకుంటున్నాయి. ఒక ముసలమ్మ బుట్ట పక్కన పెట్టి నడుము పట్టుకుని నిలబడింది. నువ్వు తెలుగులో "పువ్వు బాగా పడిందా అమ్మా?" అన్నావు. కుంట వైపు వాళ్లకు తెలుగు తెలుసు, భద్రాచలం సంతకు వచ్చిపోయేవాళ్లే. ఆమె నీ తుపాకీ వైపు చూసి, నీ మొహం వైపు చూసి, జవాబు చెప్పకుండా వంగి మళ్లీ ఏరుకోవడం మొదలుపెట్టింది. నీకు బాధేసింది. ఆమె భయానికీ కారణం ఉంది. 2005లో మావోయిస్టుల మీదికి ఊరివాళ్లనే దళాలుగా నిలబెట్టిన సల్వాజుడుం మొదలయ్యాక ఈ ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేల మంది గోదావరి వైపు పారిపోయి మీ ఖమ్మం, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. సుప్రీంకోర్టు 2011 జులైలో ఆ ఏర్పాటు చెల్లదని తీర్పు చెప్పేదాకా ఆ గాయం తెరుచుకునే ఉంది. 2021 మే 17న ఇక్కడికి దగ్గర్లోని సిల్గేర్‌లో కొత్త క్యాంపు వద్దని చేరిన జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అప్పటికి నువ్వు ఉద్యోగంలో లేవు. కానీ ఆ ముసలమ్మకు నువ్వు వేసుకున్న బట్టలే కనిపిస్తాయి. ఈ అడవి నుంచి పారిపోయినవాళ్లు మీ ఊరి దగ్గర కూలికి వస్తున్నారు, మీ ఊరి నుంచి వచ్చిన నువ్వు ఈ అడవిలో కాపలా ఉన్నావు. మిరప కోతకు వచ్చే ఆ గుత్తికోయల పక్కన కూర్చుని మీ యాడి గంజి తాగుతుంది. ఆ సంగతి చెబితే ఈ ముసలమ్మ మాట్లాడి ఉండేదేమో. ఆర్‌ఓపీలో అంతసేపు ఆగడానికి లేదు.

క్యాంపుకు చేరేసరికి పదకొండు. మెస్ ముందు రంగులు మొదలయ్యాయి. హవల్దార్ సాబ్ మొహమంతా గులాల్ పూసుకుని డోలక్ కొడుతున్నాడు, పాట మధ్యలో గొంతు జీరపోయింది. నీ బుగ్గలకు రంగు పూసి "మావాడు, మావాడు" అని అందరికీ చూపించాడు. అంతలో నీ జేబులో ఫోన్ మోగింది.

"తిన్నవా బేటా?"

"తిన్న యాడీ. ఇయ్యాల పండగ కదా, స్వీట్లు కూడా పెట్టిండ్రు."

"అక్కడ లొల్లులేం లేవు కదా?"

"ఏం లేవు. ఈడంతా నిమ్మళం. నువ్వు ఫికరు పెట్టుకోకు."

నిన్న సాయంత్రం కుక్క ఒకచోట కూర్చుని కదల్లేదు. తవ్వితే ప్రెషర్ బాంబు. నువ్వు నడిచిన వరుసకు నాలుగు అడుగుల దూరం. అది యాడికి చెప్పవు. అన్నకూ చెప్పవు.

"మిరపకాయ ఎట్లొచ్చింది?"

"మంచిగనే వచ్చింది బేటా. కల్లంల ఎండబోసినం."

ఆమె చెప్పనిది నీకు తెలుసు. నల్ల తామర పురుగు 2021 నుంచి మీ వైపు మిరపను వదలడం లేదు. ఈ ఏడు ధర కూడా పడిపోయింది. పక్కన ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చిందంటే ఖమ్మం మార్కెట్ యార్డులో తేజ రకం తెచ్చిన రైతు మొహం ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

"బా ఏడి?"

"చేనుకు పోయిండు."

వదిన వీడియో పెట్టింది. కొత్త చొక్కాలో పసివాడు, చుట్టూ ఆడవాళ్లు, పాట. వాడు ఏడుస్తున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఫోను అటూ ఇటూ తిరిగినప్పుడు వసారా మూల మంచం ఒక్క క్షణం కనిపించింది. మంచం మీద నాన్న, మీ బా. చేతికి సూది గుచ్చిన చోట తెల్ల పట్టీ. ఫోను మళ్లీ పసివాడి మీదికి తిరిగింది. చూశావని యాడికి తెలియదు. చూశానని నువ్వు చెప్పలేదు. అడిగితే ఆమె ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే నువ్వు ఈ కంచె దాటి పోలేవు. "ధూండ్ మంచిగ చేసిండ్రు యాడీ" అన్నావు. సిగ్నల్ పోయింది, లేదా నువ్వే పెట్టేశావు.

ఒకప్పుడు ఈ క్యాంపుల్లో ఉపగ్రహ ఫోను ఒకటే ఉండేది. దాని ముందు వరుస, వారానికి ఒకసారి వంతు, వెనకవాడు గొణుగుతుంటే రెండు నిమిషాల్లో ముగించాలి. నిమిషానికి 5 రూపాయలు కట్టేవారు. 2017 దీపావళికి కేంద్రం దాన్ని రూపాయికి తగ్గించింది, నెలకు 500 రూపాయల అద్దె కూడా తీసేసింది. ఆ కాలం హవల్దార్ సాబ్‌కు బాగా గుర్తు. ఇప్పుడు టవర్లు వచ్చాయి. రోజూ ఇంటి మొహం కనిపిస్తోంది. మేలే. అయితే ఆ మొహం రోజూ కనిపిస్తున్నా ఇంటి నిజం మాత్రం కనిపించడం లేదు. క్యాంపులో ఉన్నవాడు బాంబును దాస్తాడు, ఇంట్లో ఉన్నవాళ్లు జబ్బును దాస్తారు. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమ ఇద్దరినీ ఒంటరివాళ్లను చేస్తోంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కేంద్ర బలగాల్లో ఆత్మహత్యల మీద హోంశాఖ వేసిన టాస్క్‌ఫోర్స్ తేల్చిన విషయం ఒకటుంది: నూటికి ఎనభైకి పైగా ఘటనలు సెలవు నుంచి తిరిగొచ్చాక జరిగినవే. చాలామందికి ఇది వింతగా తోస్తుంది. ఇంటికి పోయి పిల్లాజెల్లాతో గడిపి వచ్చినవాడు తేలికపడాలి కదా అనుకుంటారు. నాకు మాత్రం వింత లేదు. ఏడాదంతా ఫోనులో దాచిపెట్టిన నిజాలన్నీ సెలవులో ఒక్కసారిగా మీద పడతాయి. నాన్న జబ్బు ఎంత ముదిరిందో, అప్పు ఎంత పెరిగిందో, పొలం గట్టు ఎవడు జరిపాడో, భార్యకూ అత్తకూ మధ్య మాటలు ఎందుకు లేవో అన్నీ అప్పుడే తెలుస్తాయి. సెలవేమో రోజుల లెక్క. ఆ రోజుల్లో సగం బ్యాంకు చుట్టూ, మండల ఆఫీసు చుట్టూ తిరగడానికే పోతుంది. పనులేవీ తెగకుండానే తిరుగు బండి వస్తుంది. వాటన్నిటినీ మోసుకొచ్చినవాడి చేతికి మర్నాడే తుపాకీ ఇచ్చి మోర్చాలో నిలబెడతాం. 2020 నుంచి 2024 వరకు అయిదేళ్లలో ఆత్మహత్య చేసుకున్న కేంద్ర బలగాల సిబ్బంది 730 మంది అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2021 నవంబరు 8, తెల్లవారుజామున సుక్మా జిల్లా మరాయిగూడెం పక్కన లింగంపల్లి క్యాంపులో ఒక జవాను తోటి జవాన్ల మీద కాల్పులు జరిపాడు. నలుగురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. క్షతగాత్రులను తెచ్చింది భద్రాచలానికే. మానసిక ఒత్తిడి వల్ల జరిగిందని అధికారులు అప్పట్లో చెప్పారు. మన గోదావరి ఒడ్డుకు కూతవేటు దూరంలో జరిగిన ఆ సంగతిని మనం రెండు రోజుల్లో మరిచిపోయాం.

బయటివాళ్ల తూటాకు పోయినవాళ్లనైనా గుర్తుంచుకున్నామా? అదే ఏడాది ఏప్రిల్ 3న టేకులగూడెం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. అందులో ఇద్దరు తెలుగువాళ్లు, విజయనగరానికి చెందిన రౌతు జగదీశ్, అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతానికి చెందిన శాఖమూరి మురళీకృష్ణ. కోబ్రా దళం జవాన్లు. జగదీశ్‌కు పెళ్లి కుదిరి ఉంది. 2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం వదిలిన అగ్నివీర్ మురళీ నాయక్‌ది శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా. మీ తండా లాంటి తండాయే. తల్లిదండ్రులు ముంబయిలో కూలి చేసి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు. ఆ వారం మంత్రులు వచ్చారు, జనం వచ్చారు, పూలు చల్లారు. ఆ తర్వాత వచ్చే వారాలన్నీ ఆ తల్లిదండ్రులవే.

సాయంత్రం గింతీలో నీ పేరు పిలిచారు. "హాజిర్" అన్నావు. గింతీ అయ్యాక హవల్దార్ సాబ్ నిన్ను ఆపాడు. పొద్దున ఫోను పెట్టేసిన తర్వాత నీ మొహం చూశాడట. ఏమైందని అడిగాడు. నువ్వు ఏమీ లేదన్నావు. ఆయన వెళ్లలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో "ఏమీ లేదు" అన్నవాళ్లను ఎందరినో చూసిన మనిషి. మెల్లగా బా మంచం సంగతి చెప్పావు. ఆయన జేబులోంచి కాగితం తీసి "ఇప్పుడే రాయి, నాన్నకు బాగాలేదని రాయి, కంపెనీ కమాండర్ సాబ్ దగ్గరికి నేను తీసుకుపోతా" అన్నాడు. సుక్మా క్యాంపుల్లో ఎందరో కుర్రాళ్లను బతికిస్తున్నది ఇలాంటి హవల్దార్లేనని నా నమ్మకం. దానికి రూలు బుక్కులో ఖానా లేదు. ఉండాలి.

నియమం ప్రకారం జవానుకు ఏడాదికి 60 రోజుల ఆర్జిత సెలవు, 15 రోజుల క్యాజువల్ సెలవు ఉన్నాయి. ప్రతి జవానూ ఏడాదికి 100 రోజులు కుటుంబంతో గడపాలని హోంమంత్రి 2019లో చెప్పారు. మంచి మాట. కానీ ఆ వంద రోజులు దక్కినవాళ్లు ఏటా కొన్ని వేల మందే. బలగాల సంఖ్య మొత్తం కలిపితే పది లక్షల దరిదాపుల్లో ఉంటుంది. సెలవు మంజూరైనా క్యాంపు నుంచి బయటపడటం ఇంకో ఘట్టం. రోడ్డు తెరిచే రోజు దాకా ఆగాలి, లేదా హెలికాప్టర్‌లో చోటు దొరకాలి. అలా పోయిన రోజులు ఎవరి లెక్కలోకీ రావు. ఊళ్లో వాళ్లు నిన్ను మిలిటరీ అంటారు. అయితే నీది హోంశాఖ కింద బలగం. జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయం త్రివిధ దళాల మాజీ సైనికులది. మీ ఇంటివాళ్లు కాగితం పట్టుకుని అక్కడికి పోతే "ఇది మీది కాదు" అని పంపిస్తారు. 2004 తర్వాత చేరినవాడివి కాబట్టి పాత పింఛనూ లేదు. దాని మీద ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో మీకు అనుకూలంగా తీర్పిచ్చింది, సుప్రీంకోర్టులో ఆగింది. 

కంచెకు అవతలి పక్క గురించి ఒక్క మాట రాయకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఇదే సుక్మా జిల్లాలో పువర్తి అనే ఊరుంది. మావోయిస్టు దళపతి హిడ్మా ఊరు. 2024 ఫిబ్రవరిలో అక్కడా బలగాల క్యాంపు పెట్టారు. 2025 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఉప ముఖ్యమంత్రి ఆ ఊరికి వెళ్లినప్పుడు హిడ్మా తల్లి కొడుకును ఇంటికి రమ్మని పిలిచింది. కొద్ది రోజులకే, నవంబరు 18న, మారేడుమిల్లి అడవిలో జరిగిన కాల్పుల్లో హిడ్మా చనిపోయాడు. అతను నడిపిన దాడుల్లో ఎంతమంది తల్లులకు కడుపుకోత మిగిలిందో మరిచిపోమని నేను అనను. అయినా ఆ ముసలి తల్లి పిలుపు విన్నప్పుడు నాకు కారేపల్లి దగ్గర తండాలో ఫోను పట్టుకున్న యాడే గుర్తొచ్చింది. ఈ అడవిలో ఇన్నేళ్ల యుద్ధం ముగిసే రోజున ఎవరు గెలిచారన్న లెక్క వేసేవాళ్లు వేస్తారు. ఇంటికి చేరిన కొడుకులు ఎందరన్నదే నేను అడుగుతాను.

ఇక పుస్తకం మూసే ముందు, ఇప్పటిదాకా నువ్వు అని పిలిచిన మిమ్మల్ని మీరని పిలిచి ఒకటి అడుగుతాను. కారేపల్లిలోనో, ఇల్లందులోనో, శ్రీకాకుళంలోనో, మీ ఊళ్లో కొడుకును క్యాంపుకు పంపిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. జెండా పండగనాడు ఆ ఇంటి ముందు ఫొటో దిగేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఏ పండగా లేని మామూలు మంగళవారం నాడు వెళ్లండి. ఆ తండ్రిని ఆసుపత్రికి తీసుకుపోవాలేమో అడగండి. బ్యాంకు కాగితం, పాసు పుస్తకం, కరెంటు బిల్లు, ఏ పని ఆగిపోయిందో కనుక్కుని మీ చేతనైతే పూర్తి చేసి పెట్టండి. చేసిన సంగతి ఆ కుర్రాడికి ఫోను చేసి చెప్పండి. "మీ నాన్నను నేను చూసుకుంటున్నా, ఇదీ సంగతి" అని ఉన్నదున్నట్టు చెప్పండి, దాచకండి. వాడి సెలవు రోజుల్లో ఒక్కటైనా ఆఫీసుల చుట్టూ పోకుండా మిగులుతుంది.